రంగు దేన్ని పట్టుకుంటుంది? కప్పు మీది అచ్చుకు ముందున్న కోస్తా చరిత్ర

ఈ పాఠాన్ని ఒక స్టీలు గ్లాసుతో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట చీమకుర్తిలో ఆదివారం తరగతులు చెప్పడానికి వెళ్లాను. తరగతి అయ్యాక ఒక విద్యార్థి సంచిలోంచి గ్లాసు తీసి నా ముందు పెట్టాడు. పగలు రాళ్ల పాలిషింగు యూనిట్లో పని, రాత్రి చదువు. కప్పుల మీద ఫోటోలు వేసే మిషను, ప్రింటరు అప్పు చేసి కొన్నాడు. బంధువుల పెళ్లికి వంద స్టీలు గ్లాసుల మీద వధూవరుల పేర్లు వేసిస్తానని ఒప్పుకున్నాడు. అచ్చు లేతగా పడింది, అయినా చదవడానికి వీలుగానే ఉంది. పెళ్లికి రెండు రోజుల ముందు వాళ్ల అమ్మ ఒక గ్లాసును పీచుతో తోమింది. పేర్లు పోయాయి.

"తప్పు మిషనుదా సార్, ఇంకుదా?" అని అడిగాడు. రెండింటిదీ కాదు. తప్పు ఎక్కడుందో చెప్పడానికి చరిత్ర చెప్పేవాడినైన నేను ఎందుకు నోరు విప్పానంటే, దానికి సమాధానం మన తీరంలో అద్దకం వాళ్లకు కొన్ని వందల ఏళ్ల కిందటే తెలుసు. ఈ పాఠం స్వయం ఉపాధి కోర్సు వాళ్లకా, చరిత్ర వాళ్లకా అని మీకు సందేహం రావచ్చు. ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు మాట అర్థం తెలుసుకుందాం. సబ్లిమేషన్ అంటే మీరు పదో తరగతి లోపే చదివిన ఉత్పతనం. హారతి కర్పూరం డబ్బా మూత సరిగా పెట్టకపోతే బిళ్లలు చిక్కిపోతాయి. అవి కరిగి నీరు కావు, నేరుగా ఆవిరైపోతాయి. కొన్ని రంగులకూ ఆ గుణం ఉంది. వాటితో కాగితం మీద బొమ్మ వేసి, ఆ కాగితాన్ని కప్పుకు చుట్టి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో అదిమితే రంగు ఆవిరై కప్పు పైపూతలోకి దిగుతుంది. చల్లారాక అక్కడే ఉండిపోతుంది. "పైపూతలోకి" అన్న మాట కింద గీత పెట్టుకోండి. పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు చీమకుర్తి నుంచి తూర్పుగా సముద్రం వైపు వెళదాం. చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనం విదేశీ వర్తకులకు రక్షణ ఇస్తూ, ఏ సరుకుకు ఎంత సుంకమో చెబుతుంది. ఆ సరుకుల్లో కర్పూరం కూడా ఉంది. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో వర్ణించిన ముత్ఫిలి ఈ మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని అతను రాశాడు. అంటే ఈ తీరం బట్టకు పేరు తెచ్చుకున్నది ఇంగ్లీషు వాళ్లు వచ్చాక కాదు. వాళ్లు 1611లో వచ్చారు. గ్లోబ్ అనే ఓడ వాళ్లు పెటపోలి అని పిలిచిన నిజాంపట్నంలో, తరువాత మచిలీపట్నంలో ఆగింది. ఓడ దిగినవాళ్లు వెతికిన వాటిలో అద్దకపు బట్ట ముఖ్యమైనది. దాన్ని మనం కలంకారీ అంటాం, ఇంగ్లీషు వాళ్లు చింట్జ్ అన్నారు.

ఆ బట్టలోని ఎరుపు రహస్యం దగ్గర కాస్త ఆగుదాం. తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు అనే చిన్న మొక్క వేరు నుంచి ఆ ఎరుపు వచ్చేది. అయితే చిరివేరు రసాన్ని నేరుగా బట్టకు పూస్తే ఉతుకులో పోతుంది. మన గ్లాసు మీది పేర్లలాగే. కాబట్టి అద్దకం వాళ్లు ముందు బట్టను సిద్ధం చేసేవాళ్లు. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడితే, ఆపైన వేసే ద్రావకాలు అటూ ఇటూ పాకకుండా నిలుస్తాయి. నల్ల గీతలకు ఇనుము, బెల్లం నానబెట్టి పులియబెట్టిన కసిమి. ఎర్ర పూలు రావలసిన చోట టేకు అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు. పటిక నీటికి రంగు లేదు. ఎక్కడ అద్దామో కంటికి కనిపించడానికి కొంచెం కచ్చా రంగు కలుపుతారు, అంతే. ఆ తరువాత బట్టనంతా ఎర్రరంగు బానలో వేసి ఉడికిస్తారు. బట్టంతా ఎర్రబడుతుంది. పారే నీళ్లలో జాడించి ఎండేస్తే, పటిక ఉన్న చోట ఎరుపు నిలుస్తుంది, లేని చోట వెళ్లిపోతుంది.

మీరు గమనించారా? అచ్చుతో వేసింది రంగును కాదు, రంగును పట్టుకునే పదార్థాన్ని. నేను చదువుకునే రోజుల్లో మచిలీపట్నం దగ్గర పెడనలో ఒక పెద్దాయన పని చేస్తుంటే చూస్తూ, అచ్చు బల్ల మీద రంగు లేదేమిటని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు అర్థం కావడానికి సాయంత్రం బాన దగ్గర నిలబడవలసి వచ్చింది.

యూరప్‌లో ఉన్ని, పట్టు అద్దేవాళ్లకు పటిక తెలుసు. నూలు బట్ట మీద, అదీ బొమ్మల రూపంలో, ఉతికినా పోని రంగు వేయడం వాళ్లకు కొత్త. ఆ బట్టకు గిరాకీ ఎంత పెరిగిందంటే అక్కడి నేతగాళ్లు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో, మళ్లీ మరింత గట్టిగా 1721లో చట్టాలు చేసింది. నిషేధం ఒకవైపు నడుస్తుండగానే మరోవైపు విద్య సేకరణ సాగింది. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకం ఒక్కొక్క దశ చూసి రాసుకుని, ప్రతి దశలోనూ ఒక్కో బట్ట ముక్క కత్తిరించి కాగితాలకు అంటించాడు. 1742లో కేర్దూ అనే జెస్యూటు ఫాదరీ, క్రైస్తవంలో చేరిన అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకున్న పద్ధతిని ఉత్తరంగా రాసి పంపాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో చుట్టరికం ఉందని 1767లో రాసినవాడూ ఈయనే. ఆ పని వల్ల భాషాశాస్త్రంలో ఆయన పేరు నిలిచింది. రహస్యం చెప్పిన పనివాళ్ల పేర్లు మనకు మిగల్లేదు.

మాంచెస్టరు యంత్రాలు మన అద్దకాన్ని దెబ్బతీశాయని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అది సగం కథ అని నా అభిప్రాయం. యంత్రం కంటే ముందు పద్ధతి వెళ్లింది. యంత్రం తరువాత రసాయనం వచ్చింది. 1868లో గ్రేబే, లీబర్మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఎర్రరంగు సారమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. కొద్ది ఏళ్లలోనే అది డబ్బాల్లో అమ్మకానికి వచ్చింది. చిరివేరు తవ్వుకుని బతికేవాళ్లకు తవ్వడానికి వేరు ఉంది కానీ కొనేవాడు లేడు. ఈ రోజు పెడన బానల్లో కూడా అలిజరిన్ ఉంది. మచిలీపట్నం వరకైతే ప్రకృతి కూడా కనికరించలేదు. 1864 నవంబరు తుపానులో ఆ పట్టణం, చుట్టుపక్కల సుమారు ముప్పై వేల మంది చనిపోయారని లెక్క.

కథ పింగాణీ వైపు తిరిగేది ఇంగ్లండులోనే. 1756లో లివర్‌పూల్‌లో సాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200 పింగాణీ పలకల మీద బొమ్మలు వేశామని ప్రమాణ పత్రం ఇచ్చారు. బొమ్మ చెక్కి, దాన్ని కాగితం మీదికి దించి, కాగితం నుంచి పలక మీదికి ఎక్కించారు. మీరు ఈ రోజు ప్రింటరు నుంచి కాగితానికి, కాగితం నుంచి కప్పుకు వేసే రెండంచెల పని ఇదే. ఒక తేడా ఉంది. ఆ పలకలను మళ్లీ కొలిమిలో కాల్చేవాళ్లు, బొమ్మ గాజుపూతతో ఏకమయ్యేది. మన కప్పు కొలిమికి వెళ్లదు. అందుకే దాని ఆయుష్షు వేరు.

ఇక మన కథకు అసలు మలుపు ఒక కంపెనీ పేరులో ఉంది. కాలికట్ రేవు పేరు నుంచి ఇంగ్లీషులో నూలు బట్టకు కాలికో అనే మాట వచ్చింది. ఆ బట్ట మీద అచ్చువేసే కంపెనీలు అనేకం కలిసి 1899లో కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. 1941లో ఆ సంస్థ ప్రయోగశాలలో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు ఒక కొత్త పోగుకు పేటెంటు తీసుకున్నారు. అదే పాలిస్టర్. మన నూలు అద్దకాన్ని నేర్చుకుని పెరిగిన పరిశ్రమ ఒడిలోనే, నూలుకు పోటీ వచ్చే బట్ట పుట్టింది.

పాలిస్టర్ నీటిని పీల్చదు కనుక పాత రంగులు దానికి ఎక్కలేదు. అసిటేట్ పట్టు కోసం 1920లలో తయారైన డిస్పర్స్ రంగులు ఎక్కాయి. వాటిలో కొన్నింటికి కర్పూరం గుణం ఉంది. ఇస్త్రీ వేడికి లేచి పక్క బట్టకు అంటుకోవడం అద్దకం వాళ్లకు పెద్ద తలనొప్పి. 1957లో నోయెల్ ద ప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ లోపాన్నే పద్ధతిగా మార్చాడు. రంగును ముందు కాగితానికి ఎక్కించి, వేడితో బట్టకు దించాడు. తరువాత కంప్యూటరు ప్రింటర్లు రావడంతో ఫ్యాక్టరీ పని ఫోటో స్టూడియో వెనక గదిలోకి వచ్చింది.

ఇప్పుడు గ్లాసు దగ్గరకు తిరిగి వద్దాం. నూలుకు పటిక ఎలాగో, ఈ రంగుకు పాలిస్టర్ అలాగ. స్టీలులో పాలిస్టర్ లేదు, పింగాణీలో లేదు, చీమకుర్తి రాయిలో అసలే లేదు. బజారులో "సబ్లిమేషన్ కప్పు" అని అమ్మేది, పాలిస్టర్ జాతి పూతపూసి కాల్చిన మామూలు కప్పే. టంబ్లరైనా అంతే. మన విద్యార్థి కొన్నది పాత్రల కొట్లో దొరికే వట్టి స్టీలు గ్లాసులు. పటిక వేయని బట్టను బానలో ముంచినట్టయింది. చివరికి ఆ కొట్లోనే, పాత్రల మీద పేర్లు కొట్టే అతని చేత రాత్రంతా కూర్చోబెట్టి వంద గ్లాసులకూ పేర్లు కొట్టించాడు. లాభం పోయింది, మాట నిలబడింది.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు కాబట్టి నా సలహా, మిషను ధర అడిగే ముందు పూత సంగతి అడగండి. ఒకే తయారీదారు నుంచి కొద్ది కప్పులు తెప్పించి, అచ్చువేసి, వారం రోజులు ఇంట్లో వాడి, తోమి, అప్పుడు పెద్ద ఆర్డరు పెట్టండి. పూత పలచగా ఉంటే అంచుల దగ్గర ముందుగా తెలుస్తుంది. కప్పు తెల్లనిదో లేత రంగుదో కావాలి. ఈ ఇంకులు పారదర్శకం, తెల్ల ఇంకు లేదు, బొమ్మలో తెలుపంటే కప్పు తెలుపే. నల్ల గెలాక్సీ రాయి మీద ఈ అచ్చు ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. పూత పూసినా నలుపు మీద రంగు కనిపించదు. అందుకే సమాధి రాళ్ల మీద ఫోటోలు వేసేవాళ్లు రంగు పూయరు, మెరుగును గీకి లోపలి బూడిద రంగును బయటికి తీస్తారు. పాత్రల మీద పేర్లు కొట్టే పనికి అది దగ్గర, కలంకారీకి కాదు.

ప్రింటరు విషయంలో, ఇంకును లోపల వేడిచేసి చిమ్మే రకం పనికిరాదు, పీజో రకం తీసుకోండి. బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి వేయాలి. మొదటి రోజు అందరూ మరచిపోతారు, తెలుగు అక్షరాలు తిరగబడితే మరీ నవ్వులాట. కాగితం కదలకుండా వేడికి తట్టుకునే టేపుతో గట్టిగా చుట్టాలి. మామూలు కాఫీ కప్పుకు రెండున్నర నుంచి మూడున్నర నిమిషాలు పడుతుంది, ఖచ్చితమైన లెక్క మీ మిషను, మీ కప్పు చెబుతాయి. వేడి తక్కువైతే రంగు వెలవెలబోతుంది, మరీ ఎక్కువైతే నలుపు గోధుమరంగుకు తిరిగి అంచులు చెదురుతాయి. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండే టంబ్లరుకు మామూలు మగ్గు ప్రెస్సు అన్ని చోట్లా ఒకేలా అదమదు. దానికి సరిపోయే ప్రెస్సో, కుదించుకునే కవరు తొడిగి ఓవెన్‌లో పెట్టే పద్ధతో కావాలి. కప్పు పని చేయి తిరిగాక దాని జోలికి వెళ్లండి. వానాకాలం కోస్తా గాలిలో తేమను కాగితం పీల్చుకుంటుంది, అచ్చు మచ్చలు పడుతుంది. కాగితాన్ని మూసిన సంచిలో ఉంచండి. గదికి కిటికీ ఉండాలి. అచ్చు మధ్యలో కరెంటు పోతే ఆ కప్పు దాదాపు పోయినట్టే, కనుక ఇన్వర్టరు ఎంత బరువు లాగగలదో ముందే ఎలక్ట్రీషియన్ని అడగండి.

కొనేవాడికి కూడా నిజం చెప్పాలి. రోజూ గరుకు పీచుతో తోమితే, ఎండలో ఉంచితే ఈ బొమ్మ కొంతకాలానికి వెలుస్తుంది.

విద్యార్థి చేయవలసిన పని: ఒకే పరిమాణంలో పూత ఉన్న తెల్ల కప్పు ఒకటి, పూత లేని తెల్ల కప్పు ఒకటి తీసుకోండి. మీకు మిషను లేకపోతే ఊళ్లో స్టూడియో వాళ్లను అడగండి, ఒప్పుకుంటారు. రెండింటి మీదా ఒకే బొమ్మ, ఒకే వేడి, ఒకే సమయం. ఏడు రోజులు రోజుకొకసారి తోమి, ఏ రోజు ఏం పోయిందో తేదీ వేసి రాసుకోండి. పక్కన బోల్యూ చేసినట్టు ప్రతి రోజూ ఒక ఫోటో అంటించండి. పని చూపించినవారి పేరు, వారు ఒప్పుకుంటే, మొదటి పేజీలో రాయండి.