ఉమేదువారు, ఇంటర్ను

నేడు కళాశాల విద్యార్థి ఒక కార్యాలయపు సమాచార సాంకేతిక విభాగమున కొన్ని మాసములు పని నేర్చుకొన వెళ్లినచో, ఆ విద్యార్థిని ఇంటర్ను అందురు. పేరు క్రొత్తదియే గాని పద్ధతి క్రొత్తది గాదు. కచేరీల పాతమాటలలో ‘ఉమేదువారు’ అనునది యొకటి కలదు. పారసీకమున ‘ఉమేద్’ అనగా ఆశ. కొలువు దొరకునను ఆశతో కచేరీని ఆశ్రయించి, జీతము లేకుండ పనిచేయువాడు ఉమేదువారు.

ఆంగ్లేయుల పాలనలో ఉదయగిరి, ఆత్మకూరు వంటి తాలూకా కచేరీలే ఆ సీమల సమాచార భాండాగారములు. ఏ రైతునకు ఎంత భూమి కలదు, ఏ చేనిలో ఏ పైరు వేసినారు, శిస్తు ఎంత, బాకీ ఎంత అను సంగతులన్నియు అచటి లెక్కలందే యుండెడివి. ఇట్టి కచేరీలలో ఉమేదువారు అడంగలు, చిట్టా మున్నగువానికి నకళ్లు వ్రాయుచు, గుమాస్తా చెంత కూర్చుండి అర్జీ చదువు తీరును, జవాబు వ్రాయు తీరును గ్రహించెడివాడు. గ్రామమున కరణముగారి కుమారుడు తండ్రి ప్రక్కన ఇదే విద్యను అభ్యసించెడివాడు.

ఈ విద్యలో గొప్ప గుణమొకటి కలదు. అడంగలులో ఒక అంకె తప్పినచో ఒక కుటుంబము చేను పోగొట్టుకొనవచ్చును. ఆ భయము, ఆ బాధ్యత పుస్తకమువలన అలవడునవి కావు; పని తెలిసినవాని చెంతనే అలవడును. దోషమును అంతే పెద్దది. జీతము లేకుండ ఏండ్లు వేచియుండుటకు ఇంట తిండికి లోటుండరాదు. కరణీకము వంశపారంపర్యమగుటచే తక్కిన ఇండ్ల పిల్లలకు లెక్కల పెట్టె తెఱచుకొనలేదు. ఆడపిల్లలకు కచేరీ గుమ్మమే దూరము.

1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయ్యెను. 1985లో తాలూకాల స్థానమున మండలములు ఏర్పడెను. నేడు వరికుంటపాడు అట్టి మండలకేంద్రమే. 1998లో ‘కార్డ్’ పథకముచే దస్తావేజుల రిజిస్ట్రేషను కంప్యూటరులకు ఎక్కెను. 2011లో మీసేవ ఆరంభమయ్యెను. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వెలసి, డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగి ఊరిలోనే కూర్చుండెను. లెక్కల పెట్టె యంత్రమున చేరినది.

ఆ యంత్రములను కాపాడు విభాగమున నేటి ఇంటర్ను చేయు పనులు చిన్నవిగనే కనిపించును. మఱచిన పాస్‌వర్డు మార్చి యిచ్చుట, తెగిన తీగను వెదకుట, దినదినము సమాచారమునకు ప్రతి తీసి భద్రపఱచుట, యంత్రము తనంతట వ్రాసికొను లాగు చదివి లోపమెచట పుట్టినదో కనుగొనుట మొదలైనవి ఆ పనులు. కాని ఇవియు నాటి నకళ్లవంటివే. ఒకరి వివరములు తన చేతికందినపుడు వానిని బయటపెట్టకుండుట, తప్పు దొరలినచో దాచక వెంటనే పైవారికి తెలుపుట ఇచటనే అలవడవలెను. చెంతనుండి చెప్పువారు లేనిచో ఆ విద్యార్థి నేర్చునది టీ తెచ్చుట మాత్రమే.

నాటి దోషమును తీర్చుటకు ప్రయత్నము జరుగకపోలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము పని నేర్చువారికి స్టైపెండు చెల్లింపవలెనని విధించెను. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని అందులో చేర్చిరి. అయితే ఆ చట్టపు ఒడంబడిక లేని ఇంటర్నుకు ఆ హక్కు తనంతట సంక్రమింపదు. ఆంధ్రప్రదేశమున 2020-21 నుండి డిగ్రీ చదువులోనే పది నెలల ఇంటర్న్‌షిప్ చేరినది. ఒకనాడు కొందఱు కోరి చేసినది నేడు అందఱును చేయవలసినది.

కావున మేము అడుగదలచిన ప్రశ్న పాతదే. మెట్టసీమనుండి నెల్లూరునకో హైదరాబాదునకో పోయిన విద్యార్థి అచట ఆఱుమాసములు గది అద్దె, భోజనవ్యయము ఎట్లు భరింపవలెను? భరింపగలవారే నేర్వగలిగినచో, పెట్టె మారినదే గాని తాళముచెవి మారలేదు. తమ పిల్లలను ఇట్టి శిక్షణకు పంపు తల్లిదండ్రులు రెండు సంగతులు ముందుగనే విచారింపవలెను: చెంతనుండి నేర్పువారెవరు? స్టైపెండు ఎంత? ఆశ యొక్కటే జీతమైన దినములు ఉమేదువారితోనే ముగియుట న్యాయము.