నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం: పరిశోధనలో వైవిధ్యం

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా శామీర్‌పేటలోని నల్సార్ 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడింది. దగ్గర్లోనే ఉన్న బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలో ఇంజనీరింగ్, ఫార్మసీ, మానవీయ శాస్త్రాలు పక్కపక్కనే సాగుతాయి. ప్రధానంగా న్యాయశాస్త్రం బోధించేచోట వైవిధ్యం ఎక్కడిదన్న సందేహం అందుకే వస్తుంది. కానీ వైవిధ్యాన్ని శాఖల లెక్కతో తూచడం పొరపాటు. మేధోసంపత్తి, అంతరిక్ష న్యాయం, జంతు సంరక్షణ చట్టాలు నల్సార్ కేంద్రాలు చేపట్టిన రంగాలు. ఉపగ్రహాల సంగతి తెలియకుండా అంతరిక్ష న్యాయం సాగదు.

న్యాయ పరిశోధనలో ఇలా ఇతర శాస్త్రాలు కలుస్తాయనడానికి గట్టి తార్కాణం వికలాంగుల హక్కుల చట్టం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ధ్రువీకరించడంతో 1995 నాటి చట్టం చాలకుండా పోయింది. కొత్త ముసాయిదా కోసం ఏర్పడిన సుధా కౌల్ కమిటీకి న్యాయ సలహా ఇచ్చింది నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రం. అందులో ఆచార్య అమితా ధండాది ప్రధాన పాత్ర. ముసాయిదా రాయడం గుమాస్తా పనే గాని పరిశోధన కాదని కొందరనవచ్చు. కానీ చూపులేనివారి, వినికిడి లేనివారి, మానసిక సమస్యలున్నవారి జీవితానుభవాన్ని కోర్టులో నిలిచే వాక్యంగా మలచాలంటే వైద్యం, సామాజికశాస్త్రం, భాషాపటిమ మూడూ కావాలి. అది సృజనే, పైగా ఒక్క మాట జారినా హక్కు జారిపోయే సృజన. పార్లమెంటు 2016లో ఆమోదించిన చట్టం కమిటీ ముసాయిదాకు యథాతథ ప్రతి కాదన్న అభ్యంతరం నిజమే. అయినా గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. సంరక్షకుల నియామకం గురించిన 14వ సెక్షన్‌పై వాదం ఇంకా నడుస్తోంది.