మానిటర్‌ని కాల్చేయగల ఒక్క లైన్

ఇవాళ లాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ కేబుల్ పెడితే క్షణాల్లో బొమ్మ వచ్చేస్తుంది. 1990ల్లో లినక్స్ వాడేవాళ్లు మాత్రం ఆ బొమ్మ కోసం ముందు లెక్కలు చేయాల్సి వచ్చేది. లెక్క తప్పితే మానిటరే పోవచ్చు!

అప్పట్లో లినక్స్‌లో విండోలు, మౌస్ పాయింటర్ చూపించే పని ఎక్స్ విండో సిస్టమ్‌ది. అది 1984లో అమెరికాలోని ఎమ్ఐటీలో పుట్టింది. దాన్ని మామూలు పీసీల మీద ఉచితంగా నడిపించిన ప్రాజెక్ట్ పేరు ఎక్స్‌ఫ్రీ86. ఇది 1992లో మొదలైంది. సెట్టింగ్స్ అన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో ఉండేవి. అందులో అసలైన లైన్ పేరు మోడ్‌లైన్.

1024×768 కోసం ఆ లైన్ చూడండి: క్లాక్ 65 మెగాహెర్ట్జ్, అడ్డంగా మొత్తం 1344, నిలువుగా మొత్తం 806. మనకి కావాల్సింది 1024 అయితే 1344 ఎందుకు? సీఆర్టీ మానిటర్లో ఎలక్ట్రాన్ కిరణం ఒక లైన్ గీశాక మళ్లీ ఎడమ వైపుకి రావాలి కదా, ఆ టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది. 6.5 కోట్లని 1344తో భాగిస్తే సెకనుకి సుమారు 48,363 లైన్లు. దాన్ని 806తో భాగిస్తే సెకనుకి 60 బొమ్మలు.

మరి మీ మానిటర్ 48 కిలోహెర్ట్జ్ తట్టుకుంటుందా? ఆ సంగతి మాన్యువల్లో చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొని, మాన్యువల్ లేకపోతే అంచనాయే దిక్కు. పాత ఫిక్స్‌డ్ ఫ్రీక్వెన్సీ మానిటర్లకి పరిమితి దాటిన సిగ్నల్ ఇస్తే లోపలి సర్క్యూట్ దెబ్బతినే ప్రమాదం ఉండేది. ఎక్స్‌ఫ్రీ86 వాళ్ల డాక్యుమెంట్లే ఈ హెచ్చరిక చేసేవి. తెర మీద బొమ్మ చెదిరిపోతే వెంటనే కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కి ఎక్స్‌ని ఆపేయాలి.

ఈ భయం మెల్లగా పోయింది. 1994లో వెసా అనే ప్రమాణాల సంస్థ ఈడీఐడీ తెచ్చింది. అంటే మానిటరే తన పరిమితులేంటో కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి చెప్పే పద్ధతి. 2004లో ఎక్స్‌ఫ్రీ86 లైసెన్స్ మార్చింది. అది నచ్చక పెద్ద డిస్ట్రిబ్యూషన్లు చాలావరకు ఎక్స్ డాట్ ఆర్గ్ వైపు వెళ్లిపోయాయి. అక్కడ కొన్నేళ్లకి ఆ సెట్టింగ్స్ ఫైలే లేకుండా తెర వెలిగే రోజు వచ్చింది. 2009లో కెర్నెల్ 2.6.29తో, ముందుగా ఇంటెల్ గ్రాఫిక్స్‌కి, మోడ్ సెట్ చేసే పని కెర్నెలే తీసుకుంది.

అయితే ఆ లెక్క ఎక్కడికీ పోలేదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. మీ ఫోన్ తెరకి కావాల్సిన ఇలాంటి అంకెల్ని తయారీ దగ్గరే ఒక ఇంజినీర్ రాసిపెట్టాడు. మనం ఆటోమేటిక్ అంటున్నది ఆ పనినే. పాత పీసీకి మధ్యలో ఏదో చవక స్విచ్ పెడితే ఈడీఐడీ అందక, తెర చిన్న రిజల్యూషన్ దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు ఎక్స్‌రాండర్ కమాండ్‌కి మనం చేత్తో ఇవ్వాల్సింది ఇదే మోడ్‌లైన్. కాబట్టి మీ కాలేజీ ల్యాబ్‌లో పాత మానిటర్ పక్కన పడేసే ముందు ఒక్కసారి ఈ భాగహారం చేసి చూడండి.