మాస్ట్ కణ వ్యాధులలో రక్తస్రావం

మాస్ట్ కణాలు చర్మం, శ్వాసనాళాలు, జీర్ణనాళం, ఎముక మూలుగలలో ఉండే ఒక రకపు రక్షణ కణాలు. ఇవి మితిమీరి పెరిగినప్పుడు (మాస్టోసైటోసిస్), లేదా సంఖ్య పెరగకున్నా అకారణంగా ప్రేరేపితమైనప్పుడు కొందరు రోగులలో రక్తస్రావం కలుగుతుంది. ముక్కు వెంట రక్తం కారుట, దెబ్బ తగలకనే చర్మం కమిలిపోవుట, తారు వంటి నల్లని విరేచనాలు దీని లక్షణాలు. దురద, దద్దుర్లు, ముఖం ఎర్రబారుట ముందుగా కనిపించే వ్యాధి గనుక రక్తస్రావానికి కారణం ఇదేనని తెలియడం ఆలస్యమవుతూ ఉంటుంది.

చరిత్ర

ఈ కణాలకు 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ పేరు పెట్టాడు. రక్తాన్ని గడ్డకట్టనీయని హెపారిన్‌ను 1916లో అమెరికాలో జే మెక్లీన్, విలియం హోవెల్ కుక్క కాలేయం నుండి గుర్తించారు. దాని పేరు కాలేయానికి గ్రీకు పదం నుండి వచ్చినది. అయితే హెపారిన్‌కు అసలు నెలవు మాస్ట్ కణమేనని 1937లో స్వీడన్ పరిశోధకులు చూపారు.

కారణాలు

మాస్ట్ కణం పగిలినపుడు హెపారిన్‌తో పాటు ట్రిప్టేజ్, హిస్టమిన్ వెలువడతాయి. ట్రిప్టేజ్ ఫైబ్రినోజెన్‌ను ఛేదిస్తుంది. హిస్టమిన్ జీర్ణాశయంలో ఆమ్లాన్ని పెంచి పుండ్లకు, తద్వారా లోపలి రక్తస్రావానికి దారితీస్తుంది. వ్యాధి ముదిరి మూలుగను ఆక్రమించినా, ప్లీహం వాచినా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కాలేయం దెబ్బతింటే గడ్డకట్టుటకు కావలసిన ప్రోటీన్ల ఉత్పత్తి కుంటుపడుతుంది.

విశాఖపట్నం, రక్తపింజరి

రక్తస్రావ శాస్త్రంలో విశాఖపట్నానికి వేరొక దారిన చోటు కలదు. 1780లలో ఇక్కడ నివసించిన స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో గ్రంథం ప్రచురించాడు. అందులో ఒక పామును స్థానిక తెలుగు పేరు 'కాటుక రేకుల పొడ'తోనే వర్ణించాడు. అదే నేటి రక్తపింజరి. ఆంగ్లంలో దానికి రస్సెల్ పేరే స్థిరపడినది. దాని విషం గడ్డకట్టే అంశాలను ఒక్కసారిగా ప్రేరేపించి ఖర్చు చేయిస్తుంది. తరువాత రక్తం గడ్డకట్టదు. హెపారిన్ పని ఇందుకు భిన్నం: అది అంశాలను ఖర్చు చేయదు, అడ్డగిస్తుంది. రెండింటి ఫలితం రోగి శరీరంపై ఒకేలా కనిపించవచ్చు గాని చికిత్స ఒకటి కాదు. మాస్ట్ కణాలకు మంచి గుణమూ కలదు. వీటిలోని ఒక ఎంజైము కొన్ని పాముల విషాలను, తేనెటీగ విషాన్ని నిర్వీర్యం చేయగలదని 2006లో ఎలుకలపై ప్రయోగాలు తెలిపాయి.

నిర్ధారణ, చికిత్స

రక్తంలో ట్రిప్టేజ్ పరిమాణం, ప్లేట్‌లెట్ల లెక్క, గడ్డకట్టే కాలం పరీక్షిస్తారు. మాస్టోసైటోసిస్‌ను ధ్రువపరచుటకు మూలుగ పరీక్ష, కిట్ జన్యువులో మార్పు పరీక్ష అవసరమవుతాయి. ఆమ్లాన్ని తగ్గించే మందులు, హిస్టమిన్ నిరోధకాలు వాడతారు. హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమిన్ కొందరిలో తీవ్ర ఎలర్జీ కలిగించగలదు కాబట్టి ఆచితూచి ఇవ్వవలసి ఉంటుంది. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు కొందరు రోగులలో మాస్ట్ కణాలను ప్రేరేపించడమే గాక జీర్ణాశయపు పుండ్లనూ పెంచుతాయి. దుకాణంలో అడిగి కొనుక్కునే ఈ మాత్రలే వీరికి ఎక్కువ ప్రమాదం. ముదిరిన వ్యాధికి అమెరికాలో 2017లో మిడోస్టారిన్, 2021లో అవాప్రిటినిబ్ ఆమోదం పొందాయి. రెండవదానితో మెదడులో రక్తస్రావం జరిగే అవకాశం ఉన్నందున ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 50,000 కన్నా తక్కువ ఉన్నవారికి దానిని సిఫారసు చేయరు.