గీసిన చెయ్యి, నడిచిన గీత: మూకీ కార్టూన్ల సింహావలోకనం

సినిమా పుట్టినరోజు 1895 డిసెంబరు 28 అని చెప్పుకోవడం పరిపాటి. ఆ సాయంత్రం పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి కదిలే ఛాయాచిత్రాలు చూపారు. అంతకు మూడేళ్ల ముందే, అదే నగరంలో, గ్రెవాఁ మైనపు బొమ్మల ప్రదర్శనశాలలో ఎమిల్ రేనో అనే ఆయన కదిలే బొమ్మలు చూపాడన్న సంగతి ఆ తేదీ చాటున మరుగున పడిపోయింది. 1892 అక్టోబరు 28న మొదలైన ఆ ప్రదర్శనలో కెమెరాతో పనే లేదు. పారదర్శకమైన పలకల మీద ఒక్కొక్క బొమ్మా రేనో స్వయంగా రంగులతో వేసి, వాటిని పొడవాటి పట్టీగా కూర్చి, తెర వెనక నిలబడి తన చేత్తోనే ముందుకీ వెనక్కీ తిప్పేవాడు. నవ్వు వచ్చే చోట కాస్త ఆపేవాడు, మళ్లీ వెనక్కి తిప్పి రెండోసారి నవ్వించేవాడు. వేసిందీ ఆడించిందీ ఒకే చెయ్యి. లూమియేర్ల యంత్రం ముందు ఆ చేతిపని నిలవలేదు. చివరి రోజుల్లో మనసు విరిగి, తన పట్టీల్లో చాలామటుకు ఆయనే సీన్ నదిలో పారేశాడు. కార్టూన్ చరిత్ర ఈ నష్టంతో మొదలైంది.

తర్వాతి ముప్పై ఆరేళ్ల మూకీ కార్టూన్లు ఇవాళ చూసినా ఎందుకంత ఇష్టంగా అనిపిస్తాయంటే, నా మటుకు కారణం ఒకటే. వాటిలో బొమ్మతో పాటు గీసినవాడూ కనబడతాడు. 1906లో అమెరికాలో స్టూవర్ట్ బ్లాక్‌టన్ తీసిన చిన్న చిత్రంలో మొదట కనిపించేది నల్లబల్ల మీద సుద్దముక్కతో గీస్తున్న చెయ్యి. చెయ్యి తప్పుకున్నాక ఆ ముఖాలు కళ్లు తిప్పుతాయి, పొగ ఊదుతాయి. రెండేళ్లకు, 1908 ఆగస్టులో, పారిస్‌లో గోమాఁ సంస్థకు ఎమిల్ కోల్ తీసిన 'ఫాంటాస్మగోరీ'లో గీత మరింత స్వతంత్రించింది. సుమారు ఏడు వందల బొమ్మలు, నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. కోల్ తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసి, ఫిల్మును నెగెటివ్‌గా అచ్చువేయించాడు. దాంతో నల్లబల్ల మీద సుద్దగీతల్లా కనిపించాయి. అందులో కథ అంటూ ఏమీ లేదు. సీసా పువ్వవుతుంది, ఏనుగు ఇల్లవుతుంది, ఒక విదూషకుడు వాటి మధ్య దొర్లుతూ పోతాడు. ఒకచోట వాడు పడి దెబ్బతింటే కోల్ చేతులే తెర మీదికి వచ్చి జిగురుతో వాణ్ణి అతికిస్తాయి. యాభై దాటిన ఆ వ్యంగ్య చిత్రకారుడి చమత్కారం ఈ కళకు తొలి పాఠమైంది. ఏ వస్తువూ ఒకే రూపానికి కట్టుబడి ఉండనక్కరలేదని అది నేర్పింది.

ఆ స్వేచ్ఛకు బరువునూ ప్రాణాన్నీ ఇచ్చినవాడు విన్సర్ మెకే. పత్రికల్లో 'లిటిల్ నీమో' బొమ్మల కథతో అప్పటికే పేరు మోసిన ఈ న్యూయార్క్ చిత్రకారుడు 1911లో నీమోను నాలుగు వేల బొమ్మలతో తెర మీద నడిపించాడు. 1914 ఫిబ్రవరిలో షికాగో పాలెస్ థియేటరులో గెర్టీ అనే డైనోసార్‌ను ప్రేక్షకుల ముందుకు తెచ్చాడు. తెర పక్కన మెకే కొరడా పట్టుకుని నిలబడి ఆజ్ఞాపిస్తాడు. గెర్టీ కాలు ఎత్తుతుంది, తల వంచుతుంది, కోప్పడితే ఏడుస్తుంది, చెరువు మొత్తం తాగేస్తుంది. చివర ఆయన తెర వెనక్కి తప్పుకోగానే గీతల మెకే ఒకడు బొమ్మలో ప్రత్యక్షమై దాని వీపెక్కి వెళ్లిపోతాడు. ఈ మాయ వెనక ఉన్న శ్రమ ఊహకు అందదు. సహాయకుడు జాన్ ఫిట్జ్‌సిమన్స్ ప్రతి కాగితం మీదా అదే కొండనూ అదే చెట్టునూ మళ్లీ మళ్లీ దించాడు. ఊపిరి తీస్తే పొట్ట ఎంతసేపు ఉబ్బుతుందో మెకే గడియారం పెట్టుకుని లెక్కించుకున్నాడు. ఒక మృగం నిలబడితే దాని బరువు నేల మీద పడుతున్నట్టు తెలియడం ఆనాటి ప్రేక్షకుడికి కొత్త. 1915లో జర్మన్ జలాంతర్గామి దాడిలో 1,198 మందితో మునిగిపోయిన లూసిటేనియా నౌక కథను మెకే 1918లో చిత్రంగా తీశాడు. ఆ ఘోరానికి కెమెరా సాక్ష్యం లేదు కనుక గీతే సాక్ష్యం చెప్పింది. కార్టూన్ అంటే హాస్యమేనని ఇప్పటికీ అనేవారు ఆ పన్నెండు నిమిషాలూ చూడాలి.

కాని ఒక్క మనిషి చేతితో వారం వారం చిత్రాలు విడుదల కావు. పత్రికల్లో బొమ్మల కథ ఎలా రోజూ కావాలో, థియేటర్లకూ కార్టూన్లు అలాగే కావలసి వచ్చాయి. ఈ మలుపులో ముగ్గురి పేర్లు చెప్పాలి. కాగితాలకు రంధ్రాలు వేసి మేకులకు తగిలిస్తే బొమ్మ అదరదని రావుల్ బారే కనిపెట్టాడు. దృశ్యాన్ని ఒక్కసారే గీసి, కదిలే పాత్రను దాని మీద పరిచే పారదర్శక సెల్యులాయిడ్ పలకల మీద వేసే పద్ధతికి అర్ల్ హర్డ్ పేటెంటు పొందాడు. ఫిట్జ్‌సిమన్స్ పడ్డ పాట్లు దాంతో తీరాయి. జాన్ రాండాల్ఫ్ బ్రే ఇలాంటి పేటెంట్లు పోగేసి, పనిని విభజించి, స్టూడియోను కార్ఖానాలా నడిపాడు. గీసేవాడు ఒకడు, మధ్య బొమ్మలు నింపేవాడు ఒకడు, సిరా దిద్దేవాడు మరొకడు. వ్యాపార దక్షతలో బ్రేకు సాటి లేదు కాని, ఆయన స్టూడియో బొమ్మల్లో గెర్టీ ఊపిరి లేదన్నది నా తీర్పు. పద్ధతి గెలిచింది, గీత పలచబడింది.

ఆ కార్ఖానాలోంచే మళ్లీ చెయ్యి బయటికి వచ్చింది. బ్రే దగ్గర పనిచేసిన మాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్ అనే పరికరానికి 1917లో పేటెంటు పొందాడు. నిజమైన మనిషిని చిత్రీకరించి, ఆ ఫిల్మును ఒక్కో ఫ్రేమూ అద్దం మీద పడేలా చేసి, దాని మీద గీసుకోవడం అందులోని కిటుకు. విదూషకుడి దుస్తులు వేసుకుని గెంతినవాడు తమ్ముడు డేవ్. తర్వాత కోకోగా ప్రసిద్ధికెక్కిన ఆ బొమ్మ సిరాబుడ్డిలోంచి పుడతాడు, గీసిన యజమానిమీదే తిరగబడతాడు, ఆఖరికి బుడ్డిలోకే పోతాడు. మాక్స్ తానే తెర మీద కూర్చుని కలం పట్టుకుని ఉంటాడు. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఇంత సరసమైన తగవు ఇరవయ్యో శతాబ్దపు సినిమాలో అరుదు.

ఇది అమెరికా కథే అనుకోకూడదు. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను ఒక్కో ఫ్రేముకూ కదిపి ఒక చిత్రం తీశాడు. అంతకుముందే బఠాణీ మొక్క ఎదుగుదలను ఫ్రేము ఫ్రేముగా బంధించి చూపాడు. 1917లో అర్జెంటీనాలో క్విరినో క్రిస్టియానీ 'ఎల్ అపోస్టోల్' అనే పూర్తి నిడివి కార్టూన్ తీశాడు. అది మిగలలేదు. జపాన్‌లో కౌచి జునిచి అదే ఏట తీసిన మొండి కత్తి కథ తొంభై ఏళ్ల తర్వాత ఒసాకాలోని పాత సామాన్ల దుకాణంలో దొరికింది. జర్మనీలో లోట్ రైనిగర్ కలాన్ని పక్కనపెట్టి కత్తెర పట్టింది. నల్ల అట్ట, సన్నని సీసపు రేకు కత్తిరించి, కీళ్లు కట్టి, మూడేళ్లపాటు శ్రమించి 1926లో 'రాకుమారుడు అహ్మద్' పూర్తి చేసింది. తోలుబొమ్మలాట ఎరిగిన మనవాళ్లకు ఆ నీడల తీరు సులభంగానే పట్టుబడుతుంది. కాకపోతే మన బొమ్మల్లో వెలుగు తోలులోంచి దూసుకొచ్చి రంగులీనుతుంది, ఆమె బొమ్మల్లో పాత్ర నల్లగానే ఉండి చుట్టూ ఉన్న లోకమే రంగు పులుముకుంటుంది.

మూకీ కార్టూన్ పరాకాష్ఠ మాత్రం నల్లపిల్లి ఫెలిక్స్. 1919 నవంబరులో న్యూయార్క్‌లో పాట్ సల్లివన్ స్టూడియో నుంచి వెలువడిన ఈ పిల్లికి మాట లేదు, అయినా ఆలోచన ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని తల వంచుకుని అటూ ఇటూ నడిస్తే చాలు, ప్రేక్షకుడూ దానితో పాటు ఆలోచనలో పడేవాడు. తల మీద ప్రశ్నార్థకం మొలిస్తే దాన్నే కొక్కెంగా వాడుకునేది. తోక ఊడదీసి చేతికర్ర చేసుకునేది. అంతవరకు చిత్రకారుడి చెయ్యి చేసిన పని ఇప్పుడు బొమ్మే చేసుకోసాగింది. 1923లో 'ఫెలిక్స్ ఇన్ హాలీవుడ్'లో చాప్లిన్‌ను అనుకరిస్తూ ఆయనకే దొరికిపోతుంది. ఆ చమత్కారం గాలిలోంచి ఊడిపడలేదు. ఫెలిక్స్‌ను నడిపించిన ఓటో మెస్మర్ అంతకుముందు చాప్లిన్ బొమ్మల కార్టూన్లు గీస్తూ ఆ మూకాభినయాన్ని క్షుణ్ణంగా చదువుకున్నవాడు.

ఈ పిల్లినీ, ఫ్లైషర్ విదూషకుణ్ణీ, కాన్సస్ సిటీ నుంచి వచ్చిన వాల్ట్ డిస్నీ అనే కుర్రవాడి 'ఆలిస్' చిత్రాలనూ థియేటర్లకు చేర్చింది ఒకే వ్యక్తి, పంపిణీదారు మార్గరెట్ వింక్లర్. చరిత్రలు ఆమెకు రెండు వాక్యాలకు మించి ఇవ్వవు. ఆమె వ్యాపారం భర్త చార్ల్స్ మింట్జ్ చేతికి వెళ్లాక, 1928లో డిస్నీ తన కుందేలు ఆస్వాల్డ్‌ను ఆయనకు పోగొట్టుకున్నాడు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన ఎలుకతో అబ్ ఐవర్క్స్ గీసిన మొదటి రెండు చిత్రాలూ మూకీలే, కొనేవాళ్లు దొరకలేదు. అదే ఏడు నవంబరు 18న న్యూయార్క్ కాలనీ థియేటరులో శబ్దంతో పాటు ఆడిన 'స్టీమ్‌బోట్ విల్లీ' కథ మార్చింది. నిజానికి ఫ్లైషర్లు నాలుగేళ్ల ముందే పాటల కార్టూన్లకు శబ్దం జోడించారు, లోకం అప్పుడు చెవి ఒగ్గలేదు.

టాకీ వచ్చాక అడుగు తాళానికి కట్టుబడింది, గీసిన చెయ్యి తెర చాటుకు తప్పుకుంది. శబ్దాన్ని ఆలస్యంగా అందుకున్న ఫెలిక్స్ వెనకబడింది, సల్లివన్ 1933లో పోయాడు. చిత్రాలన్నిటి మీదా ఆయన పేరే ఉండేది. మెస్మర్ ఏళ్ల తరబడి నోరు మెదపలేదు. పరిశోధకుల పుణ్యమా అని జీవిత చరమాంకంలో ఆయనకు కర్తృత్వం దక్కింది. అయితే సల్లివన్ పుట్టిన ఆస్ట్రేలియాలో కొందరు దీన్ని ఒప్పుకోరు. తొలి చిత్రంలోని అక్షరాల రాత సల్లివన్ చేతిదేనని వాళ్ల వాదన. అది ఇంకా తెగలేదు.