స్వయంచాలిత సజీవ కణ చిత్రణ

ప్రయోగశాలలో పెంచిన కణాలను బతికి ఉండగానే, గంటల నుంచి రోజుల వరకు నిర్ణీత విరామాలతో యంత్రం తనంతట తానే చిత్రించగా, వాటిలో కలిగే మార్పులను కంప్యూటరుతో కొలిచే పద్ధతిని స్వయంచాలిత సజీవ కణ చిత్రణ అంటారు. మందు వేసిన మూడు రోజులకు కణాలలో ఎన్ని మిగిలాయో చెప్పే తుది లెక్క, పోయినవి ఏ దశలో, ఏ క్రమంలో పోయాయో చెప్పలేదు గనుక ఔషధ పరిశోధనలో ఈ పద్ధతికి ప్రాధాన్యం ఏర్పడింది.

కణాలను సాధారణంగా 96 లేదా 384 గుంటలున్న ప్లాస్టిక్ పలకలలో పెంచి, గుంట గుంటకూ వేరే మందును గాని వేరే మోతాదును గాని చేరుస్తారు. మానవ కణాలకు కావలసిన 37 డిగ్రీల సెల్సియస్ వేడిని, తగిన తేమను, దాదాపు 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను నిలకడగా ఉంచే పెట్టెలో, మోటారుతో కదిలే పీఠం ఒక్కొక్క గుంటను కటకం ముందుకు తెస్తుంది. రంగు అద్దకుండానే పారదర్శక కణాల అంచులను చూపే ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతిని రూపొందించిన ఫ్రిట్స్ జెర్నికెకు 1953లో నోబెల్ బహుమతి లభించింది. కణంలో ఒక ప్రత్యేక ప్రోటీన్‌ను వెంబడించడానికి మాత్రం, ఒసాము షిమోమురా 1962లో జెల్లీచేప నుంచి వేరుచేసిన, నీలికాంతి పడితే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తోడు కావలసి వచ్చింది. దాని జన్యువును ఇతర జీవుల్లో పనిచేయించవచ్చని మార్టిన్ చాల్ఫీ బృందం 1994లో నిరూపించింది.

ఈ పద్ధతి విలువ పాక్లిటాక్సెల్ విషయంలో స్పష్టంగా కనబడుతుంది. కణ విభజనలో క్రోమోజోములను చెరోవైపు లాగే సూక్ష్మనాళికలను ఈ క్యాన్సర్ మందు బిగదీయడంతో కణం విభజన మధ్యలోనే ఆగిపోతుంది. అయితే ఆగిన కణాలన్నిటి గతీ ఒకటి కాదు. కరెన్ గాస్కోయిన్, స్టీఫెన్ టేలర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఇటువంటి మందులు వేసిన కణాలను ఒక్కొక్కటిగా వెంబడించగా, ఒకే వంశానికి చెందినవాటిలోనే కొన్ని ఆ దశలో చనిపోయాయి, కొన్ని విభజన పూర్తి చేయకుండానే దాని నుంచి జారి బయటపడ్డాయి. కణాన్ని విభజన దశలో నిలిపి ఉంచే సైక్లిన్ బి1 నెమ్మదిగా తరిగిపోవడం, చావు సంకేతం నెమ్మదిగా పెరగడం అనే రెండింటిలో ఏది ముందుగా తన హద్దు చేరితే కణం గతి అదవుతుందని వారు ప్రతిపాదించారు. సగటు లెక్కలతో ఇంత లోతైన వివరణకు చేరడం దుస్సాధ్యం.

చిత్రించే వెలుగే కణానికి హాని చేయగలదన్నది ఈ పద్ధతికున్న ప్రధాన పరిమితి. తీవ్రమైన కాంతి వల్ల పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు విభజనను ఆలస్యం చేసి మందు ప్రభావంలా భ్రమింపజేస్తాయి కాబట్టి, మందు లేని కణాలను అంతే వెలుగులోనూ, వెలుగు సోకకుండానూ విడివిడిగా పెంచి పోల్చవలసి ఉంటుంది.