పార్థర్నాక్స్

పార్థర్నాక్స్ అనునది ద ఎల్డర్ స్క్రోల్స్ వీడియో గేముల వరుసలో ఐదవదైన స్కైరిమ్‌లో కనిపించే ఒక డ్రాగన్ పాత్ర. అమెరికాకు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ టాడ్ హోవర్డ్ దర్శకత్వంలో రూపొందించిన ఈ రోల్ ప్లేయింగ్ గేము 2011 నవంబరు 11న విడుదలైనది. కథలో ప్రధాన ప్రతినాయకుడైన ఆల్డూయిన్ అనే డ్రాగన్‌కు పార్థర్నాక్స్ తమ్ముడు. ఒకప్పుడు అతడికి కుడిభుజంగా ఉండి మానవులను అణచివేసినవాడు. తరువాత అన్నకు ఎదురు తిరిగి మానవుల పక్షం చేరినాడు. కథ జరిగే కాలానికి ఇతడు ఒక మంచు పర్వత శిఖరం మీద ధ్యానంలో కాలం గడిపే వృద్ధుడు. ఆటగాడికి గురువుగానూ, యుద్ధంలో తోడుగానూ నిలుస్తాడు. అయితే ఇతడి పూర్వపు ఘాతుకాలకు శిక్షగా ఇతడిని చంపవలసినదని ఆటగాడి మిత్రులలోనే ఒక వర్గం పట్టుబడుతుంది. చంపాలా, విడిచిపెట్టాలా అన్న నిర్ణయం పూర్తిగా ఆటగాడిదే. ఈ గేములో ఇంతగా చర్చకు గురైన నిర్ణయాలు తక్కువ.

పేరు, భాష

డ్రాగన్ అనగా పాశ్చాత్య గాథలలో కనిపించే, రెక్కలు కలిగి నిప్పులు కక్కే మహాసర్పం. స్కైరిమ్‌లోని డ్రాగన్లు కేవలం మృగాలు కావు. వాటికి ఒక భాష, ఆ భాషకు పంజాతో గీసినట్లుండే ఒక లిపి కలవు. ఈ భాషను బెథెస్డా రచయిత ఎమిల్ పాగ్లియారులో రూపొందించగా, 34 అక్షరాల లిపిని చిత్రకారుడు ఆడమ్ ఆడమోవిచ్ తీర్చినాడు. ఈ భాషలోని మాటలకు మంత్రశక్తి ఉంటుంది. ఆ గళశక్తిని థూమ్ అంటారు. డ్రాగన్ నిప్పు కక్కుతున్నదంటే నిజానికి "నిప్పు" అనే మాటను పలుకుతున్నదని అర్థం. అందువలన డ్రాగన్లకు వాదన, యుద్ధం వేరువేరు కావు.

ప్రతి డ్రాగన్ పేరూ మూడు మాటల కూర్పు. పార్థర్నాక్స్ అనే పేరులో "పార్" అనగా అధికారకాంక్ష, "థుర్" అనగా అధిపతి, "నాక్స్" అనగా క్రూరత్వం. శాంతిని బోధించే గురువుకు ఇటువంటి పేరు ఉండటం యాదృచ్ఛికం కాదు. గేములో ఆ భాష కొంత నేర్చుకున్న ఆటగాడికి తప్ప ఈ సంగతి తెలియదు.

పూర్వ చరిత్ర

గేములోని ఐతిహ్యం ప్రకారం మెరెథిక్ యుగంలో డ్రాగన్లు మానవులను బానిసలుగా పాలించేవి. డ్రాగన్లను దేవతలుగా కొలిచే పూజారులు వాటి తరఫున అధికారం చెలాయించేవారు. ఈ వ్యవస్థకు శిఖరాన ఆల్డూయిన్, అతడి ప్రధాన సేనానిగా పార్థర్నాక్స్ ఉండేవారు. మానవులు తిరుగుబాటు చేసినప్పుడు పార్థర్నాక్స్ వారి పక్షం వహించి వారికి థూమ్‌ను నేర్పినాడు. అప్పటివరకు డ్రాగన్లకు మాత్రమే తెలిసిన ఆయుధం అది. ఆ విద్యతోనే గోర్మ్‌లైత్, హాకోన్, ఫెల్డిర్ అనే ముగ్గురు వీరులు ఆల్డూయిన్‌ను నేలకు దించి, చివరకు ఎల్డర్ స్క్రోల్ అనే దివ్యపత్రం సాయంతో అతడిని కాలప్రవాహంలోకి విసిరివేసినారు.

పార్థర్నాక్స్ ఎందుకు పక్షం మారినాడు? నార్డ్ జాతివారి ఆకాశదేవత కైన్ కోరికపై జాలిపడి మారినాడని గ్రేబియర్డ్స్ అనే మునులు చెబుతారు. ఆ యుద్ధం గురించిన గ్రంథాలు మాత్రం కొన్ని డ్రాగన్లు మానవులతో కలిసినాయని చెప్పి, కారణం తెలియదని వదిలివేస్తాయి. ఆటగాడికి గట్టి సమాధానం ఎక్కడా దొరకదు.

తరువాతి యుగాలలో డ్రాగన్లను వేటాడే సంఘాలు వాటిని దాదాపు నిర్మూలించినవి. పార్థర్నాక్స్ మాత్రం స్కైరిమ్‌లోని అత్యున్నత శిఖరమైన త్రోట్ ఆఫ్ ది వరల్డ్ మీద గ్రేబియర్డ్స్ రక్షణలో జీవించినాడు. వారి మఠమైన హై హ్రోత్‌గార్‌కు ఏడు వేల మెట్ల దారి ఉన్నదని ప్రతీతి. (ఓపికగా లెక్కిస్తే గేములో అన్ని మెట్లు లేవు.) రెండవ యుగం 373లో వ్రాసినట్లు చెప్పబడే డ్రాగన్ల జాబితా ఒకటి గేములో దొరుకుతుంది. అందులో ఇతడి నివాసం కూడా నమోదై ఉన్నది. గ్రేబియర్డ్స్‌తో నేరుగా తలపడకుండా, న్యాయం జరిపించే అవకాశం కోసం వేచి ఉన్నామని అందులో వ్రాసి ఉంటుంది. కాబట్టి ఇతడిపై నేరారోపణ ఆటగాడి కాలంలో కొత్తగా పుట్టినది కాదు.

కథలో పాత్ర

ఆటగాడి పాత్ర డ్రాగన్‌బోర్న్. అనగా మానవ శరీరం, డ్రాగన్ ఆత్మ కలిగి జన్మించినవాడు. కాలప్రవాహం నుండి తిరిగి వచ్చిన ఆల్డూయిన్‌ను ఓడించే డ్రాగన్‌రెండ్ అనే మంత్రం కోసం వెదకుతూ ఇతడు శిఖరానికి చేరుకుంటాడు. గ్రేబియర్డ్స్ ఎంతో గౌరవంతో చెప్పుకునే తమ గురువు ఒక డ్రాగన్ అని అక్కడే మొదటిసారి తెలుస్తుంది. అంతవరకు ఎదురుపడిన ప్రతి డ్రాగన్‌తోనూ పోరాడిన ఆటగాడు ఇక్కడ ఆయుధం దించి మాట్లాడవలసి వస్తుంది. ఆచారం ప్రకారం పార్థర్నాక్స్ నిప్పు మాటతో పలకరించి, అదే మాటను ఆటగాడికి నేర్పి, తనపై ప్రయోగించమని అడుగుతాడు.

డ్రాగన్‌రెండ్‌ను మాత్రం ఇతడు నేర్పలేడు. మర్త్యత్వం, పరిమితి, తాత్కాలికత అనే మూడు భావాలతో మానవులు కూర్చిన మంత్రమది. మరణం లేని డ్రాగన్ మనసుకు ఆ భావాలు అందవు. కాలానికి గాయమైన చోట ఎల్డర్ స్క్రోల్‌ను చదివి గతాన్ని చూస్తే ఆ మంత్రం దొరకవచ్చునని ఇతడే దారి చూపుతాడు. ఆ వెంటనే జరిగే పోరులో అన్నకు వ్యతిరేకంగా ఆటగాడి పక్కన పోరాడుతాడు.

ఈ భాగంలోనే ఆల్డూయిన్‌ను ఎందుకు ఆపవలెనని ఇతడు ఆటగాడిని ప్రశ్నిస్తాడు. లోకం అంతమై మరొక లోకం పుట్టడమే విధి అయితే దానికి అడ్డుపడటం సరియేనా అన్నది ఇతడి సందేహం. ఈ లోకం నాకు నచ్చినది అని ఆటగాడు జవాబిస్తే, అదీ మంచి కారణమేనని ఒప్పుకుంటాడు.

చంపాలన్న కోరిక

ఆల్డూయిన్ మొదటిసారి ఓడి పారిపోయిన తరువాత బ్లేడ్స్ అనే సంఘానికి చెందిన డెల్ఫిన్, ఎస్బర్న్ అనే ఇద్దరు ఆటగాడి ముందు తమ షరతు పెడతారు. పార్థర్నాక్స్ బ్రతికి ఉన్నంతకాలం ఇకపై ఏ సాయమూ చేయబోమని చెబుతారు. బ్లేడ్స్ పూర్వపు డ్రాగన్ వేటగాళ్ళ వారసులు. డ్రాగన్‌బోర్న్‌ను సేవించడం వారి ప్రతిజ్ఞ. సేవకులే ప్రభువుకు షరతు పెట్టడం చాలామంది ఆటగాళ్ళకు కోపం తెప్పించినది.

ఆ కోపాన్ని పక్కన పెడితే వారి వాదన బలహీనమైనది కాదు. నేరం జరిగినది. శిక్ష పడలేదు. ఆశ్రయమిచ్చినవారు శక్తిమంతులు కావడం వలన మాత్రమే నేరస్థుడు తప్పించుకున్నాడు. వేల ఏళ్ళు గడిచినంత మాత్రాన చనిపోయినవారికి న్యాయం జరిగినట్లు కాదు. అయితే గేము ఒక ముఖ్యమైన సంగతిని దాచిపెడుతుంది. ఇతడు చేసిన ఘాతుకాలు ఏవో ఎక్కడా వివరంగా చెప్పదు. బాధితుల గొంతు వినిపించదు. గురువుగా అతడు చేసిన మేలు మాత్రం ఆటగాడి కళ్ళ ఎదుటనే జరుగుతుంది. తూకంలో ఒక వైపు ప్రత్యక్ష అనుభవం, మరొక వైపు ఏనాటిదో ఒక వార్త ఉంటాయి. ఎక్కువమంది ఇతడిని విడిచిపెట్టాలని వాదించడానికి ఇది ఒక కారణం కావచ్చును.

ఈ విషయమై నేరుగా అడిగితే పార్థర్నాక్స్ నేరాన్ని కాదనడు. బ్లేడ్స్‌ను నిందించడు. తనను నమ్మకపోవడమే వివేకమని, తాను కూడా మరొక డ్రాగన్‌ను నమ్మనని అంటాడు. ఇతరులను లోబరచుకోవడం తమ జాతి స్వభావమని, ఆ కోరిక తనను లాగని రోజు లేదని, ధ్యానంతో దానిని అణచుకుంటున్నానని చెబుతాడు. పుట్టుకతోనే మంచివాడుగా ఉండటం గొప్పా, లేక దుష్టస్వభావాన్ని ఎంతో ప్రయాసతో జయించడం గొప్పా అన్న ఇతడి ప్రశ్న ఈ గేములో అన్నింటికన్నా ఎక్కువగా ఉదహరించబడే మాట.

ఈ సన్నివేశం తెలుగు పాఠకులకు విభీషణ శరణాగతిని గుర్తు చేస్తుంది. అన్నను విడిచి వచ్చిన రాక్షసుడిని నమ్మవద్దని సుగ్రీవుడు అనగా, శరణు కోరినవాడిని విడువనని రాముడు అభయమిస్తాడు. కాని పోలిక అంతవరకే. విభీషణుడు అన్న అధర్మంలో పాలుపంచుకోలేదు, మొదటినుండి వారించినవాడు. పార్థర్నాక్స్ చేతులకు మాత్రం రక్తం అంటినది. ఇక్కడి ప్రశ్న శరణాగతి గురించి కాదు, ప్రాయశ్చిత్తం గురించి.

మార్పు నిజమైనదేనా

ఇతడు మారినాడనడానికి ఉన్న సాక్ష్యం ఇతడి మాట, ఇతడి ఏకాంతవాసం. లోబరచుకోవడానికి ఎవరూ లేని శిఖరం మీద నిగ్రహం పాటించడం ఎంతవరకు పరీక్ష అన్నది తీసివేయదగిన సందేహం కాదు. అసలు పరీక్ష ఆల్డూయిన్ మరణం తరువాతనే మొదలవుతుంది. అన్న చనిపోయినందుకు తనకు విజయగర్వం లేదని పార్థర్నాక్స్ చెబుతాడు. నాయకుడు లేని డ్రాగన్లకు తన శాంతిమార్గాన్ని బోధిస్తానని ప్రకటించి ఎగిరిపోతాడు. ఆటగాడికి వశమైన మరొక డ్రాగన్ ఒడావీంగ్ దీనిని వేరొక విధంగా చూస్తాడు. ఆల్డూయిన్ పెత్తనం పోయి పార్థర్నాక్స్ మార్గమనే నియంతృత్వం వస్తే దానికి ఒప్పుకునే డ్రాగన్లు ఎక్కువమంది ఉండరని ఎత్తిపొడుస్తాడు. శాంతిని బోధించడం కూడా ఒక రకమైన ఆధిపత్యమే కావచ్చునన్న ఈ చిన్న సంభాషణను చాలామంది గమనించకుండా దాటిపోతారు. అధికారకాంక్ష, అధిపతి అనే మాటలు ఇతడి పేరులోనే ఉన్నాయి.

ఫలితాలు

చంపినచో గ్రేబియర్డ్స్ ఆటగాడిని దూరం పెడతారు, సాయం నిలిపివేస్తారు. ఇతడి వద్ద చేయగల ధ్యానం వలన కలిగే లాభాలు కూడా పోతాయి. విడిచిపెట్టినచో బ్లేడ్స్ సాయం ఆగిపోతుంది. ప్రధాన కథను ఏ విధంగానైనా పూర్తి చేయవచ్చును. డెల్ఫిన్‌ను ఒప్పించే మధ్యేమార్గం లేదు. మాటతో ఎందరినో ఒప్పించగల ఈ గేములో ఇది లోపమనే చెప్పాలి.

రూపం, గాత్రం

ఇతర డ్రాగన్లతో పోల్చితే పార్థర్నాక్స్ శరీరం పాలిపోయి, రెక్కలు చినిగి, కొమ్ము విరిగి, పళ్ళు రాలి ఉంటుంది. ఈ పాత్రకు చార్లెస్ మార్టినే గాత్రదానం చేసినాడు. నింటెండో గేములలో 2023 వరకు మారియోకు గొంతు ఇచ్చినది ఇతడే. ఉత్సాహంతో కేకలు వేసే మారియో గొంతు, మెల్లగా మాట మాటకూ ఆగుతూ పలికే ఈ ముసలి డ్రాగన్ గొంతు ఒకే మనిషివని తెలిసి ఆశ్చర్యపోయినవారు అనేకులు.

అభిమానుల సవరణలు

గేములో లేని మధ్యేమార్గాన్ని అభిమానులు తామే చేర్చుకున్నారు. గేమును మార్చే అనధికారిక సవరణలను మాడ్‌లు అంటారు. వీటిలో ద పార్థర్నాక్స్ డిలెమా అనేది బాగా ప్రచారం పొందినది. దానిని అమర్చుకుంటే, డ్రాగన్‌బోర్న్ హోదాలో బ్లేడ్స్‌ను ఆజ్ఞాపించి పార్థర్నాక్స్‌ను బ్రతకనివ్వవచ్చును. మాడ్ లేకుండా ఆడేవారు ఇతడిని విడిచిపెట్టినచో, ఇతడి పేరుతోనే ఉన్న ఆ క్వెస్ట్ జాబితాలో అసంపూర్ణంగా మిగిలిపోతుంది.